విశ్వాసి చేతిలో ప్రజారోగ్యం



మతవిశ్వాసం బలంగా ఉన్న మనిషి ప్రభుత్వ పదవిలోకి వస్తే ఎలా నడుచుకోవాలి? తన నమ్మకాన్ని ఇంటి దగ్గర వదిలేసి ఆఫీసుకు రావాలా? ఆ నమ్మకాన్నే చట్టంగా మార్చి అందరి నెత్తినా రుద్దాలా? ఆ పదవి వైద్యానికి సంబంధించినదైతే ఈ ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. పుట్టుక, చావు, గర్భం, వైకల్యం, అంటురోగం... మతం మాట్లాడేదీ వీటి గురించే, డాక్టరు చెయ్యి పెట్టేదీ వీటి మీదే, ప్రభుత్వం చట్టాలు చేసేదీ వీటికోసమే. ముగ్గురూ ఒకే రోగి మంచం చుట్టూ చేరినప్పుడు ఎవరి మాట చెల్లాలి?

దీనికి సిద్ధాంతాలతో జవాబు చెప్పవచ్చు. నేను మాత్రం ఒక మనిషి నడిచిన దారిని మీ ముందు పెడతాను. ఆయన పేరు చార్లెస్ ఎవరెట్ కూప్. 1980ల్లో అమెరికా సర్జన్ జనరల్. అంటే ఆరోగ్య విషయాల్లో ప్రభుత్వం తరఫున దేశప్రజలతో మాట్లాడే పెద్ద డాక్టరు. ఆ పదవికి నిధులు తక్కువ, అధికారాలు తక్కువ. చెప్పే మాట మీద జనానికి ఎంత నమ్మకం ఉంటే అంతే దాని బలం. ఆ కుర్చీలో కూర్చున్న కూప్ భక్తిపరుడైన క్రైస్తవుడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు. ఆయన వస్తే పాలనలోకి మతం జొరబడుతుందని భయపడ్డవాళ్లు చివరికి ఆయన్ని మెచ్చుకున్నారు. పట్టుబట్టి ఆయన్ని తెచ్చుకున్నవాళ్లే చివరికి ఆయన మీద మండిపడ్డారు. మనిషి మారాడా? మారలేదనే నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

కూప్ 1916లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. 1941లో కార్నెల్ వైద్య కళాశాల నుంచి డాక్టరై బయటికి వచ్చారు. ఆ రోజుల్లో పసిపిల్లల సర్జరీ అన్నది ప్రత్యేక విద్యగా ఇంకా నిలదొక్కుకోలేదు. పెద్దవాళ్లకు ఆపరేషన్లు చేసే సర్జన్లే పిల్లలకూ చేసేవారు. రెండు మూడు కిలోల పసికందుకు మత్తు ఇవ్వడమే గండం. పుట్టుకతో లోపం ఉన్న బిడ్డ బతకదని ముందే తీర్మానించుకుని ఊరుకోవడం మామూలు. కూప్ ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో చేరి ఆ పద్ధతిని ఎదిరించారు. 1940ల చివరి నుంచి 1981 దాకా అక్కడ ముఖ్య సర్జన్‌గా పనిచేశారు. పసివాళ్లకు మత్తు ఇచ్చే పద్ధతులు మెరుగుపరిచారు. ఆపరేషన్ అయిన శిశువులను కంటికి రెప్పలా చూసుకోవడానికి వేరే విభాగం పెట్టించారు. 1974లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి తెచ్చిన అతుక్కుని పుట్టిన కవలలను ఆయన బృందం వేరుచేసింది. ఆ వార్త ప్రపంచమంతా పాకింది.

ఆయన విశ్వాసం కూడా ఆ ఊళ్లోనే బలపడింది. ఫిలడెల్ఫియాలోని టెన్త్ ప్రెస్బిటేరియన్ చర్చిలో డొనాల్డ్ గ్రే బార్న్‌హౌస్ చేసే వాక్యపరిచర్య వింటూ ఆయన సంఘంలోకి వచ్చారు. ప్రతి మనిషీ దేవుని స్వరూపంలో సృష్టించబడ్డాడన్న బైబిలు బోధ ఆయనకు ఆదివారంతో ముగిసిపోయే పాఠం కాలేదు. సోమవారం ఆపరేషన్ బల్ల మీద పడుకున్న, ఇంకా పేరు కూడా పెట్టని బిడ్డకు ఆ మాట వర్తిస్తుందా అన్నదే ఆయన ప్రశ్న. వర్తిస్తుందని నమ్మారు కాబట్టే ఎవరూ ముట్టుకోని కేసుల మీద చెయ్యి వేశారు. 1968లో కాలేజీలో చదువుతున్న ఆయన కొడుకు డేవిడ్ కొండ ఎక్కుతూ ప్రమాదంలో చనిపోయాడు. అంతకు ముందు ఎందరో తల్లిదండ్రుల దుఃఖాన్ని దగ్గర నుంచి చూసిన సర్జన్‌కు ఆ దుఃఖం తన ఇంట్లోకే వచ్చింది. భార్య ఎలిజబెత్‌తో కలిసి ఆ నష్టం గురించి పుస్తకం రాశారు.

ఇక రాజకీయాల్లోకి ఆయన ఎలా వచ్చారో చూద్దాం. 1973 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ కేసులో గర్భస్రావాన్ని స్త్రీ హక్కుగా గుర్తించింది. కూప్ ఆ తీర్పును గట్టిగా వ్యతిరేకించారు. అప్పటిదాకా ఈ విషయంలో ఎక్కువగా కేథలిక్కులే మాట్లాడేవారు. ప్రొటెస్టెంట్ సువార్తిక సంఘాలను ఇందులోకి కదిలించిన వారిలో కూప్ ముఖ్యులు. 1979లో వేదాంతి ఫ్రాన్సిస్ షాఫర్‌తో కలిసి ఒక పుస్తకం, దానితోపాటు చిత్రాల వరుస ఒకటి తయారుచేసి ఊరూరా ప్రదర్శనలు ఇచ్చారు. గర్భస్రావం, లోపాలతో పుట్టిన శిశువులకు వైద్యం ఆపడం, వృద్ధులకు కారుణ్య మరణం, ఈ మూడూ ఒకే దారిలోని మెట్లని ఆయన వాదన. ఆ వాదనతో ఏకీభవించనివారు చాలామంది ఉన్నారు, క్రైస్తవుల్లోనూ ఉన్నారు. స్త్రీ శరీరం, ఆమె ఆరోగ్యం, ఆమె పరిస్థితులు ఈ లెక్కలోకి సరిగా రాలేదన్న విమర్శలో బలం ఉంది. అయినా ఆయన నిజాయితీని శంకించడానికి కారణం కనబడదు.

1981లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ప్రభుత్వం కూప్‌ను సర్జన్ జనరల్ పదవికి ఎంచుకుంది. పెద్ద గొడవే జరిగింది. ఆయన పిల్లల సర్జన్, ప్రజారోగ్యం ఆయన రంగం కాదని ఆరోగ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మహిళా సంఘాలు ఎదిరించాయి. ఆయన వయసు 64 దాటడంతో నిబంధనే అడ్డొచ్చింది, కాంగ్రెస్ దాన్ని సవరించాల్సి వచ్చింది. నెలల తరబడి సాగిన తర్వాత 1981 నవంబరులో సెనేట్ 68 – 24 ఓట్లతో ఒప్పుకుంది. ఆ విచారణల్లో ఆయన ఇచ్చిన మాట ఒకటుంది. ఈ పదవిని నా మతభావాలు ప్రచారం చేసే వేదికగా వాడుకోను అన్నారు. అటువంటి మాటలు పదవి దక్కేదాకా చాలామంది ఇస్తారు. ఈయన నిలబెట్టుకున్నారు.

పరీక్ష వెంటనే వచ్చింది. 1982 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఒక మగబిడ్డ పుట్టాడు. అసలు పేరు బయటపెట్టకుండా కోర్టు కాగితాల్లో బేబీ డో అన్నారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంది. దాంతోపాటు అన్నవాహిక కడుపుదాకా చేరకుండా మధ్యలోనే మూసుకుపోయింది. పాలు తాగితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం. దీన్ని ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. కూప్ స్వయంగా అలాంటి ఆపరేషన్లు వందలకొద్దీ చేసిన సర్జన్. కానీ ఆ బిడ్డకు ప్రసవం చేసిన డాక్టరు, మందబుద్ధితో బతకాల్సిన బిడ్డ అని చెప్పి, వైద్యం చేయించకుండా వదిలేయడం కూడా ఒక దారేనని తల్లిదండ్రుల ముందు పెట్టారు. వాళ్లు ఆ దారినే ఎంచుకున్నారు. ఆసుపత్రి కోర్టుకు వెళ్లింది. కోర్టులు తల్లిదండ్రుల నిర్ణయాన్నే సమర్థించాయి. పెంచుకుంటామని కొన్ని కుటుంబాలు ముందుకు వచ్చాయి. సుప్రీంకోర్టుకు వెళ్లే ప్రయత్నం సాగుతుండగానే, పుట్టిన ఆరో రోజున బిడ్డ చనిపోయాడు.

శ్రోతలారా, ఇక్కడ ప్రశ్నను విడదీసి చూడాలి. ఆ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లేకుండా అన్నవాహిక లోపం ఒక్కటే ఉంటే ఆపరేషన్ చేసేవారా? తప్పకుండా చేసేవారు. అయితే వైద్యం ఆగింది రోగం కుదరదని కాదు, ఆ జీవితం బతకదగ్గది కాదన్న తీర్పు వల్ల. కూప్‌కు కోపం తెప్పించింది ఇదే. వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదన్న 1973 నాటి చట్టం కింద రీగన్ ప్రభుత్వం ఆసుపత్రులకు నిబంధనలు జారీచేసింది. లోపాలున్న శిశువులకు తిండి, వైద్యం ఆపితే ఫోన్ చేసి చెప్పమని వార్డుల్లో నోటీసులు అంటించమంది. ఫిర్యాదు రాగానే విచారణ బృందాలు పిల్లల వార్డుల్లోకి దిగాయి. కన్నబిడ్డ చావుబతుకుల్లో ఉన్నప్పుడు తల్లిదండ్రులను, రాత్రీపగలూ సేవచేసే నర్సులను నేరస్థుల్లా నిలబెట్టడం ఏమిటని పిల్లల డాక్టర్లు తిరగబడ్డారు. 1983లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిబంధనను కొట్టేశారు. తర్వాత దిద్ది తెచ్చిన నిబంధనను కూడా 1986లో సుప్రీంకోర్టు చెల్లదంది.

ఈ రెండు తీర్పుల మధ్య జరిగిన పనే నాకు ముఖ్యంగా కనబడుతుంది. కూప్ తన మాటే నెగ్గాలని కూర్చోలేదు. పిల్లల డాక్టర్ల సంఘంతో, వికలాంగుల సంఘాలతో చర్చల్లో పాల్గొన్నారు. వాటి ఫలితంగా 1984లో బాలల రక్షణ చట్టానికి సవరణ వచ్చింది. దాని సారాంశం ఇది. బతికే అవకాశమున్న శిశువుకు వైకల్యం ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు. బిడ్డ ఇక తేరుకోలేని కోమాలో ఉంటే, చికిత్స చావును కాస్త వెనక్కి జరపడానికే పనికొస్తే, లేదా ఫలితం లేకపోగా బిడ్డను హింసపెట్టేదైతే, అప్పుడు బలవంతంగా చేయనక్కరలేదు. ఆసుపత్రుల్లో నీతి సంఘాలు కూర్చుని ఇటువంటి కేసులు ఆలోచించే అలవాటు ఆ తర్వాత బాగా పెరిగింది. ప్రాణం విలువైనదన్న విశ్వాసం ఒకవైపు, ప్రతి ప్రాణాన్నీ యంత్రాలకు కట్టేసి లాగడం దయ కాదన్న వైద్యజ్ఞానం మరొకవైపు. రెండూ ఒకే చట్టంలో చోటు చేసుకున్నాయి. విశ్వాసి రాజకీయాల్లో చేయగల మంచి పని ఇదే. తనతో ఏకీభవించనివాళ్లతో కూర్చుని, బలహీనుడికి రక్షణ దొరికేచోట ఒప్పందం కుదర్చడం.

తర్వాత పొగాకు. ఈ విషయంలో ఆయన్ని పదవిలోకి తెచ్చిన రాజకీయ కూటమికే దెబ్బ తగిలింది. ఆయన నియామకానికి అండగా నిలిచిన సెనేటర్ జెస్సీ హెల్మ్స్ ఉత్తర కరోలినా నుంచి ఎన్నికైన నాయకుడు. అది పొగాకు రైతుల, సిగరెట్ కంపెనీల రాష్ట్రం. కూప్ ఆ మొహమాటం పెట్టుకోలేదు. సిగరెట్‌కూ కేన్సర్‌కూ ఉన్న సంబంధం మీద 1982లో నివేదిక ఇచ్చారు. 2000 నాటికి పొగలేని సమాజం కావాలని 1984లో పిలుపునిచ్చారు. 1986 నివేదికలో పక్కవాడు వదిలిన పొగ పీల్చినవారికీ ఊపిరితిత్తుల కేన్సర్ వస్తుందని చెప్పారు. 1988లో నికోటిన్ కూడా హెరాయిన్, కొకైన్‌ల మాదిరిగానే మనిషిని బానిస చేస్తుందని తేల్చారు. గర్భంలోని శిశువు ప్రాణం గురించి అంతగా మాట్లాడిన మనిషి, ఓట్ల కోసం, స్నేహాల కోసం, సిగరెట్‌కు బలైపోతున్న పెద్దవాళ్ల ప్రాణాల గురించి నోరు మూసుకుని ఉంటే ఆ విశ్వాసానికి అర్థమేముంది? ఆయన మౌనంగా ఉండలేదు. నేడు బస్సుల్లో, విమానాల్లో, ఆఫీసుల్లో పక్కవాడి పొగ పీల్చకుండా కూర్చోగలుగుతున్నామంటే, ఆ మార్పుకు బలమిచ్చిన శాస్త్రీయ నివేదికల్లో 1986 నాటిది ప్రధానమైనది.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ఎయిడ్స్. 1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారపత్రిక లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా గురించి ప్రకటించింది. వాళ్లంతా స్వలింగ సంపర్కులు. తర్వాత మత్తుమందుల సూదులు పంచుకునేవారిలో, రక్తం ఎక్కించుకున్న హీమోఫీలియా రోగుల్లో, శిశువుల్లో ఆ వ్యాధి బయటపడింది. అయినా మొదటి ముద్ర చెరగలేదు. ఇది దేవుడు పంపిన శిక్ష అని కొందరు మతనాయకులు బహిరంగంగా చెప్పారు. ప్రభుత్వం ఏళ్ల తరబడి పెదవి విప్పలేదు. కూప్‌ను సైతం ఎయిడ్స్ గురించి మాట్లాడవద్దని పై అధికారులు పక్కన పెట్టారు. ఆ ఏళ్లలో వేలమంది చనిపోయారు. పదవికి రాజీనామా చేసైనా ఆయన ముందే గొంతెత్తి ఉండాల్సింది కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

1986 ఫిబ్రవరిలో ఎయిడ్స్ మీద నివేదిక తయారుచేయమని రీగన్ ఆయన్ని అడిగారు. కూప్ ఆ పని గుమాస్తాలకు అప్పగించలేదు. ఇరవైకి పైగా సంఘాలతో విడివిడిగా మాట్లాడారు. అందులో స్వలింగ సంపర్కుల సంఘాలు, చర్చి సంఘాలు, హీమోఫీలియా రోగుల సంఘాలు, ఉపాధ్యాయులు, డాక్టర్లు అందరూ ఉన్నారు. ఆంటొనీ ఫౌచీ వంటి శాస్త్రవేత్తల దగ్గర విషయం నేర్చుకున్నారు. ఇంట్లో నిలబడి రాసుకునే బల్ల దగ్గర తన చేత్తో చిత్తుప్రతులు రాశారు. అధికారులకు చూపించిన ప్రతులకు నంబర్లు వేసి, సమావేశం కాగానే వెనక్కి తీసుకున్నారు. రాజకీయ సలహాదారుల చేతికి చిక్కితే ముఖ్యమైన వాక్యాలు మాయమవుతాయని ఆయన భయం. 1986 అక్టోబరు 22న నివేదిక బయటికి వచ్చింది. 36 పేజీలు.

అందులో ఏముంది? చేయి కలిపితే, పక్కన కూర్చుంటే, ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే, దోమ కుడితే ఎయిడ్స్ రాదని ఉంది. రోగులను వెలివేయడం, విడిగా బంధించడం వ్యర్థమని ఉంది. జనమంతటికీ నిర్బంధ రక్తపరీక్షలు పెడితే భయపడి రోగులు పారిపోతారని, వ్యాధి ఇంకా పాకుతుందని ఉంది. పెళ్లి దాకా ఆగడం, ఒకరికొకరు నమ్మకంగా ఉండటం అన్నిటికన్నా సురక్షితమని ఉంది. అలా ఉండలేనివారు, ఉండనివారు కండోమ్ వాడాలని ఉంది. పిల్లలకు చిన్న తరగతుల నుంచే వయసుకు తగిన లైంగిక విద్య నేర్పాలని ఉంది. పోరాటం వ్యాధి మీదే కానీ మనుషుల మీద కాదని ఉంది.

ఆయన్ని తెచ్చుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. కండోమ్ మాట ప్రభుత్వ నివేదికలో రావడమా, చిన్నపిల్లలకు ఈ పాఠాలా అని ఫిలిస్ ష్లాఫ్లీ వంటి సంప్రదాయవాద నాయకులు విరుచుకుపడ్డారు. 1987లో ఆయన గౌరవార్థం ఏర్పాటుచేసిన విందు నుంచి పేరున్న రాజకీయ నాయకులు తప్పుకున్నారు. ఆయన వెనకడుగు వేయలేదు. తన మీద కోపంగా ఉన్న క్రైస్తవ కళాశాలలకు, చర్చి సభలకు వెళ్లి మాట్లాడారు. పెళ్లి బయటి లైంగిక సంబంధం పాపమని తాను ఇప్పటికీ నమ్ముతున్నానని వాళ్లకు చెప్పారు. అదే నోటితో, నేను దేశానికి డాక్టరును, దేశానికి పాదిరిని కాను అన్న అర్థంలో మాట్లాడారు. నీతిమంతులకే కాదు, నీతి తప్పారని మీరు అనుకునేవాళ్లకూ నేనే సర్జన్ జనరల్‌నని చెప్పారు. 1988లో ఎయిడ్స్ గురించి తేలికైన భాషలో రాసిన చిన్న పుస్తకాన్ని దేశంలోని 10 కోట్ల 70 లక్షల ఇళ్లకు టపాలో పంపించారు. ప్రతి గుమ్మానికీ ఒక ప్రతి. ధనికుడికీ పేదకూ, భక్తుడికీ నాస్తికుడికీ అదే ప్రతి.

బేబీ డో విషయంలో మొండిగా నిలబడ్డ కూప్, ఎయిడ్స్ విషయంలో ఉదారంగా మారిపోయారని చాలామంది రాశారు. నాకలా తోచదు. రెండుచోట్లా ఆయన అడిగింది ఒకటే: ఈ రోగి ప్రాణానికి విలువ తగ్గించే హక్కు ఎవరిచ్చారు? డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను వదిలేయడం ఎంత తప్పో, స్వలింగ సంపర్కుడైన రోగిని వదిలేయడమూ అంతే తప్పు. మొదటి వాక్యానికి ఒక వర్గం చప్పట్లు కొట్టింది, రెండో వాక్యానికి ఇంకో వర్గం కొట్టింది. రెండు వాక్యాలూ ఒకే విశ్వాసం నుంచి వచ్చాయి. కుష్ఠరోగిని యేసు ముట్టుకుని బాగుచేశాడని మార్కు సువార్త చెబుతుంది. ఆ రోగి ఏ తప్పు చేశాడని ఆయన ముందు విచారణ జరపలేదు. దారిపక్కన కొట్టబడి పడి ఉన్నవాడి గాయాలు కట్టిన సమరయుడి కథలో కూడా, ఆ గాయపడ్డవాడి మతమూ గుణమూ ఎవరూ అడగరు.

ఇంకొక్క సంఘటన చెప్పాలి. గర్భస్రావం వల్ల స్త్రీల ఆరోగ్యానికి, మనసుకు జరిగే హాని మీద నివేదిక ఇవ్వమని 1987లో రీగన్ కూప్‌ను ఆదేశించారు. గర్భస్రావాన్ని జీవితాంతం వ్యతిరేకించిన డాక్టరు, ఏదో ఒక హాని చూపించి నివేదిక రాస్తే కోర్టుల్లో పనికొస్తుందని సలహాదారుల ఆశ. కూప్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తెప్పించి పరిశీలింపజేశారు. ఇరుపక్షాల వారితోనూ మాట్లాడారు. 1989 జనవరిలో రీగన్‌కు లేఖ రాశారు. ఉన్న పరిశోధనల్లో లోపాలున్నాయి, వాటి ఆధారంగా హాని ఉందని గానీ లేదని గానీ తేల్చి చెప్పలేను, నివేదిక ఇవ్వలేను అన్నది దాని సారం. ఆయన పక్షం వాళ్లకు అది నమ్మకద్రోహంలా కనిపించింది. ఆయన అభిప్రాయం మాత్రం ఆ తర్వాతా మారలేదు. గర్భస్రావం తప్పన్నది ఆయన నైతిక విశ్వాసం. దాన్ని నిలబెట్టడానికి అబద్ధపు లెక్క ఒకటి కావాలని ఆయన అనుకోలేదు. అబద్ధం ఆసరాగా నిలబడే నీతి నీతి కాదని ఆయనకు తెలుసు.

కూప్ జీవితంలో మచ్చలు లేవని నేను అనను. పదవి దిగాక, 1990ల చివర తన పేరుతో నడిచిన ఇంటర్నెట్ ఆరోగ్య సంస్థ వ్యాపార సంబంధాలను దాచిందన్న విమర్శలు వచ్చాయి. ఆ సంస్థ 2001లో దివాలా తీసింది. 2013 ఫిబ్రవరి 25న, 96వ ఏట, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హానోవర్‌లో ఆయన కన్నుమూశారు. ఆయనతో ఏ విషయంలోనూ ఏకీభవించనివారు సైతం ఒక మాట ఒప్పుకున్నారు. ఆ మనిషి చెబితే నమ్మవచ్చు.

ఇదంతా అమెరికా కథ. మనకెందుకు అని అడగవచ్చు. కూప్ నివేదిక వచ్చిన 1986లోనే మన దేశంలో ఎయిడ్స్ కలిగించే హెచ్.ఐ.వి. బయటపడింది. మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తనమూనాలు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు ఆ సంగతి తెలిసింది. చిత్తూరు జిల్లా నుంచి, రాయలసీమ అంతటి నుంచి తరతరాలుగా మనవాళ్లు పెద్ద జబ్బు చేస్తే వెళ్లే ఆసుపత్రి అదే. తర్వాతి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటైంది. 2004లో ప్రభుత్వం హెచ్.ఐ.వి.ని అదుపులో ఉంచే ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో రోగుల పట్ల వివక్షను నిషేధించింది. ఆ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది.

చట్టం ఉంది. కానీ చట్టం మంచం పక్కన కూర్చోలేదు. కూర్చోవలసింది మనం. తెలుగునేల మీద క్రైస్తవానికి మొదటి నుంచీ వైద్యంతో గట్టి బంధం ఉంది. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కోసం మిషనరీలు ఆసుపత్రి కట్టారు. ఊరు వెలివేసిన మనిషికి మిషనాసుపత్రిలో మంచం దొరికేది. తెలుగు క్రైస్తవులకు గర్వకారణమైన సాక్ష్యం అది. ఆ వారసత్వం ఉన్న సంఘాల్లోనే కొన్ని స్వస్థత కూటాల్లో మందులు మానేయండి, ప్రార్థన చాలు అని చెప్పడం వింటున్నప్పుడు మనసు కలుక్కుమంటుంది. షుగరు మాత్రలు, మూర్ఛ మాత్రలు, హెచ్.ఐ.వి. మందులు ఆపేస్తే ప్రాణం పోతుంది. ప్రార్థన రోగికి ధైర్యం. మందు రోగికి ప్రాణం. రెంటినీ పోటీకి పెట్టమని బైబిలు చెప్పలేదు. సువార్త రాసిన లూకాను ప్రియమైన వైద్యుడని పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో పిలుస్తాడు.

అందుకే సంఘాలను నడిపే దైవసేవకులకు నా విన్నపం. మీ బల్ల మీద బైబిలు పక్కన డాక్టరు చీటీకి కూడా చోటివ్వండి. మీ మాట మీద నమ్మకంతో ఎవరైనా మందు మానేస్తే ఆ ప్రాణానికి మీరు జవాబుదారులు. హెచ్.ఐ.వి. ఉన్న మనిషి ఆరాధనకు వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి.

రాజకీయాల్లో ఉన్న విశ్వాసులకు, ఏ మతం వారైనా సరే, ఇంకొక విన్నపం. మీ నమ్మకాన్ని దాచుకోనక్కరలేదు. అది మిమ్మల్ని బలహీనుడి పక్కన నిలబెడుతున్నదా అని మాత్రం రోజూ ప్రశ్నించుకోండి. పుట్టబోయే బిడ్డ గురించి మాట్లాడే నాయకుడు, పుట్టిన బిడ్డకు టీకా, పాలు, బడి గురించి కూడా మాట్లాడాలి. మన పక్షానికి నష్టమైనా నిజాన్ని నిజంగా చెప్పాలి. శాస్త్రం ఒకటి తేల్చలేదంటే తేల్చలేదని ఒప్పుకోవాలి.

డాక్టర్లకు, నర్సులకు చెప్పవలసింది తక్కువ. మీ మనస్సాక్షి ఒప్పని పని చేయనని చెప్పే హక్కు మీకుంది. ఆ మాట చెప్పాక రోగిని నడిరోడ్డు మీద వదిలేసే హక్కు లేదు. రోగికి నిజం చెప్పి, సరైనచోటికి పంపే బాధ్యత మీది. లోపంతో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు, ఆ బిడ్డ ఏమేం చేయలేదో చెప్పి ఊరుకోవద్దు. ఏమేం చేయగలదో, ఎవరి సాయం దొరుకుతుందో కూడా చెప్పండి.

శ్రోతలారా, ప్రభుత్వంలో విశ్వాసులు ఉండవచ్చా అన్న వాదన ఎప్పటికీ తెగదు. నా తీర్పు ఇది. ఉండవచ్చు, రావాలి కూడా. వాళ్లను కొలవాల్సిన కొలత ఒకటే: తమకు నచ్చని మనిషి రోగిగా వచ్చినప్పుడు అతనికి నిజం చెప్పారా, వైద్యం అందించారా. కూప్ ఆ కొలతకు సరితూగారు. మనం ఎన్నుకునే నాయకులను, మనం అనుసరించే బోధకులను, మనల్ని మనం అదే కొలతతో కొలుచుకుందాం.